పదిన్నర క్లాన్‌లో ఇంచార్జి పాలన

శనివారం ఉదయం పదిన్నరకు హాజరు వేసుకోవాలి. పదీ నలభై దాకా మన్నింపు ఉంటుంది. ఆ తర్వాత వచ్చినవాళ్ల పేరు పక్కన ‘ఆలస్యం’ అని పడుతుంది. మూడు ఆలస్యాలకు ఒక సెలవు కోత. సెలవు కావాలంటే ముందు రోజే దరఖాస్తు పెట్టుకోవాలి. ఎందుకో రాయాలి, తన బదులు పని ఎవరు చూస్తారో కూడా రాయాలి.

ఇది ప్రభుత్వ కార్యాలయం కాదు. ఫోనులో ఆడే ఒక ఆటలో యాభై మంది కలిసి పెట్టుకున్న క్లాన్. పేరు ‘పదిన్నర’. పెట్టిందీ, నడిపేదీ మా ఎదురు ఫ్లాటు రాజరాజేశ్వరి గారు. ఆవిడకు అరవై రెండేళ్లు.

ఆట సంగతి నాకు బొత్తిగా తెలియదు. తెలియని చోటల్లా ఆపి అడిగాను, ఆవిడ విసుక్కోకుండా చెప్పారు. నాకు అర్థమైనంత వరకు ఇది. ఆడే ప్రతి మనిషికీ ఫోనులో ఒక కోట ఉంటుంది. గోడలు కట్టుకోవాలి, ఫిరంగులు పెట్టుకోవాలి, సైన్యాన్ని తయారు చేసుకోవాలి. యాభై మంది దాకా ఒక జట్టుగా కూడితే అది క్లాన్. వారానికోసారి ఒక క్లాన్‌కూ ఇంకో క్లాన్‌కూ యుద్ధం. క్లాన్‌కు ఒక లీడరు, ఆ పేరు పక్కన చిన్న కిరీటం. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని పంపెయ్యాలి, యుద్ధానికి ఎప్పుడు దిగాలి, ఆఖరికి క్లాన్‌ను ఉంచాలా మూసెయ్యాలా అన్నది కూడా లీడరు చేతిలోనే ఉంటుంది.

రాజరాజేశ్వరి గారిది గుడివాడ వైపు. పెళ్లయి వచ్చింది మొదలు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులోనే కాపురం. ఒక ప్రభుత్వ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. మొత్తం ముప్పై నాలుగేళ్లు. సూపరింటెండెంటు పైన ఉండేది ఆఫీసరు కుర్చీ. ఆ కుర్చీకి వెళ్లే వరసలో ఆవిడ ముందే ఉన్నారు గానీ, ఆ వరసను తేల్చే సీనియారిటీ జాబితా మీద ఎవరో కోర్టుకు వెళ్లారు. జాబితా కోర్టులో ఉండగానే ఆవిడ సర్వీసు అయిపోయింది. మధ్యలో మూడుసార్లు ఆ కుర్చీలో కూర్చున్నారు, ఇంచార్జిగా. అంటే పాత ఆఫీసరు బదిలీ అయి వెళ్లాక, కొత్తాయన వచ్చేదాకా ఆ పని చూస్తూ, సంతకం కింద ‘ఇంచార్జి’ అని రాసుకోవడం.

“ఎన్నాళ్లు చేశారండీ?” అని అడిగాను.

“మొదటిసారి ఏడు నెలలు. రెండోసారి పదకొండు. మూడోసారి పద్నాలుగు. మూడుసార్లూ కొత్తాయన వచ్చిన పూటే లేచి ఇచ్చేశానమ్మా.”

ఆ మాటలో ఫిర్యాదు ఏమీ వినిపించలేదు. వంట చెబుతున్నట్టే చెప్పారు.

రిటైరయ్యాక ఆవిడకు పడిన డ్యూటీ మనవరాలు రసజ్ఞది. కోడలు వాసంతి పనిచేసే కంపెనీ హైటెక్ సిటీలో ఒక పెద్ద టవరులో ఉంది. అదే టవరు కింది అంతస్తులో చిన్నపిల్లల బడి ఉంది. పొద్దున వాసంతి కారులో ముగ్గురూ వెళ్తారు. పిల్ల బడి తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర వరకు. దింపేసి ఇంటికొచ్చి, మళ్లీ వెళ్లి తెచ్చుకుందామంటే సగం పూట ట్రాఫిక్‌లోనే పోతుంది. అందుకని ఆవిడ అక్కడే, కింద ఫుడ్ కోర్టులో ఒక మూల బల్ల దగ్గర మూడు గంటలు కూర్చునేవారు. ఊరికే కూర్చోవడం ఎందుకమ్మా అని అబ్బాయి ఉదయ్ భాస్కర్ ఫోనులో పెట్టిచ్చినదే ఈ ఆట.

సాయిచంద్ అక్కడే పరిచయమయ్యాడు. ఆ టవరులో ఏసీలు చూసుకునే టెక్నీషియన్, ముప్పై ఒక్క ఏళ్లవాడు, ఖాజాగూడ ఊరి మనిషి. ఒకరోజు ఆవిడ బల్ల పక్కనే నిచ్చెన వేసుకుని పైన గాలిగొట్టం విప్పుతున్నాడు. కిందికి చూస్తే ఆవిడ ఫోను కనబడింది.

“మేడం, ఏమనుకోకుండ్రి. ఫిరంగిని గోడ బయట ఎవరన్న పెడ్తరా?”

“బయట పెడితేనే కదండీ దూరం కొడుతుంది.”

“కొడ్తది. కానీ వచ్చినోడు మొదలు దాన్నే పడగొడ్తడు. జర లోపలికి జరుపుండ్రి.”

ఆవిడ జరిపారు. ఆ రోజు ఇద్దరు దాడి చేసి ఇద్దరూ ఓడిపోయారు. మర్నాడు ఆవిడ డబ్బాలో పులిహోర తెచ్చి, నిచ్చెన దిగేదాకా ఆగి ఇచ్చారు. నెల తిరిగేసరికి ఇద్దరూ కలిసి ఒక క్లాన్ పెడదామనుకున్నారు. లీడరుగా ఉండమని ఆవిడ అతన్ని అడిగితే అతను నవ్వాడు.

“నేనా? నా సూపర్‌వైజర్ పిలిస్తే పురాగా మాయమైత. మీరే ఉండుండ్రి మేడం. మీరు మాట్లాడితెనే ఆఫీసరు మాట్లాడినట్టు ఉంటది.”

“నేను ఆఫీసర్ని కాదండీ, సూపరింటెండెంట్ని.”

“మాకు అదే పెద్ద ఆఫీసరు. ఇగ పేరు చెప్పుండ్రి. కింగ్స్, టైగర్స్ గిట్ల అందరూ పెడ్తరు.”

“మనం ఎన్నింటికి కూర్చుంటున్నాం?”

“నా చాయ్ టైం పదిన్నర.”

“ఆఫీసు కూడా పదిన్నరకే. పదిన్నర అనే పెట్టండి.”

అలా పెట్టిన క్లాన్‌లో మొదట చేరింది పార్కింగ్‌లో ఎదురుచూసే కారు డ్రైవర్లు. వాళ్లతో మాటలు కలిపి చేర్చింది ఆవిడే. జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీ లాబులో పనిచేసే ప్రశాంతి ఒక డ్రైవరు చెల్లెలు. అదే టవరు తొమ్మిదో అంతస్తులో ప్రోగ్రాములు రాసే ఆదర్శ్ రాజమండ్రి అబ్బాయి. ఆటలో అందరికంటే గట్టివాడు అతనే. ఆరు నెలలకు యాభై నిండాయి.

నడపడం ఎలాగో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. తెలిసింది ఒకటే పద్ధతి, దాంతోనే నడిపారు. హాజరు, సెలవు, మెమో. ప్రశాంతి మొదటి సెలవు చీటీ ఇప్పటికీ ఆవిడ ఫోనులో ఉంది, నాకు చూపించారు. “మేడం, ఈ శనివారం నన్ను చూసుకోను పిల్లగాని తరఫోళ్లు వస్తున్నరు. యుద్ధానికి సెలవు ఇయ్యగలరు.” దాని కింద ఆవిడ జవాబు: “మంజూరు. మీ బదులు దాడి ఎవరు చేస్తారో తెలపాలి.” దాని కింద ప్రశాంతి: “మా అన్న చేస్తడు మేడం. పిల్లగాడు నచ్చకుంటే నేనే పదకొండింటికి వస్త.”

నచ్చలేదేమో, పదకొండింటికి వచ్చింది. ఆవిడ సగం సెలవు కింద రాసుకున్నారు.

మొదట్లో అందరూ నవ్వారట. పోనుపోను ఆ నవ్వు తగ్గింది. మిగతా క్లాన్‌లు పెట్టిన మూడు నెలలకే చెదిరిపోతాయని ఆదర్శే చెప్పాడట ఆవిడతో. ఎవరు వస్తారో, ఎవరు రారో ఎవరికీ తెలియదు. ఇక్కడ మాత్రం శనివారం పదిన్నరకు ఎంతమంది ఉంటారో శుక్రవారమే తెలుసు. అలా వరసగా పదకొండు యుద్ధాలు గెలిచారు.

“ఇంత వయసొచ్చాక నాకు యాభై మంది సెక్షన్ ఇచ్చారమ్మా ఈ పిల్లలు. ఎవరి బదులూ కాదు. నాదే” అన్నారు ఆవిడ.

ఆ కుర్చీకి ముప్పు వచ్చింది ఆవిడ కంటి వల్ల.

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున కుడి కంట్లో మెరుపులు మెరిసినట్టయింది. మధ్యాహ్నానికి ఆ కంటికి కింది నుంచి నల్లటి తెర లేస్తున్నట్టు కనబడింది. ఆసుపత్రికి పరుగెత్తితే, కంటి వెనక పొర ఊడుతోంది, రేపే ఆపరేషన్ అన్నారు. కంట్లో గ్యాసు నింపుతారట. తర్వాత వారం రోజులు బోర్లా పడుకోవాలి. ఫోను రెండు వారాల దాకా ముట్టకూడదు.

సోమవారం తెల్లారి ఆవిడ భర్త శ్రీనివాసరావు గారు ఆసుపత్రి గదిలో సంచి సర్దుతుంటే ఆవిడ మంచం మీద కూర్చుని అన్నారు: “ఏవండీ, తెల్లకాయితం తీసుకోండి. చార్జి నోటు రాయాలి.”

“ఎవరికే?”

“సాయిచంద్‌కి. సెలవులో వెళ్లేటప్పుడు చార్జి ఇవ్వకుండా వెళ్లకూడదు.”

శ్రీనివాసరావు గారు ఆర్టీసీ బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. వాదించకుండా రాశారు. ఎనిమిది అంశాలు. హాజరు ఎలా తియ్యాలి, యుద్ధానికి ఎవరిని ముందు పంపాలి, ఎవరి సెలవు చీటీలు పెండింగులో ఉన్నాయి. ఆరో అంశం: ఇంచార్జి కాలంలో ముఖ్యమైన నిర్ణయాలు తీసుకోరాదు. ఎనిమిదో అంశం: పదిహేనో రోజు పూర్వాహ్నం చార్జి తిరిగి అప్పగించాలి, ఇద్దరి సంతకాలతో. కింద ఆవిడ సంతకం. దాన్ని ఫొటో తీసి సాయిచంద్‌కు పంపారు. ఆ తర్వాత ఆటలో లీడరు పదవి అతని పేరుకు మార్చే చోటు ఆవిడ వెతికి చూపించారు, నొక్కింది శ్రీనివాసరావు గారు.

“ఏదో అడుగుతోందే. ఇంగ్లీషులో పొడుగ్గా ఉంది.”

“సరే అని నొక్కండి.”

నొక్కారు. నర్సు వచ్చి ఆవిడను లోపలికి తీసుకెళ్లింది.

తప్పు అక్కడ జరిగింది. ఆ క్లాన్‌లో సహాయ లీడరు అని ఒక హోదా ఉందట. అది ఇచ్చినా సాయిచంద్ అన్ని పనులూ చేసుకోగలిగేవాడే, కిరీటం ఆవిడ దగ్గరే ఉండేది. కానీ ముప్పై నాలుగేళ్లు సర్కారు కొలువు చేసిన మనిషికి చార్జి అంటే పూర్తి చార్జే. ఇచ్చినది సెలవు అయ్యాక తిరిగి వస్తుందా అన్న అనుమానమే రాలేదు. ఆఫీసులో అది రాక ఎక్కడికి పోతుంది?

బుధవారం ఆదర్శ్ ఇంటికి ఫోన్ చేశాడు. ఆవిడ బోర్లా పడుకుని, దిండు మధ్యలో ఖాళీలో ముఖం పెట్టుకుని ఉన్నారు. శ్రీనివాసరావు గారు ఫోను చెవి దగ్గర పట్టుకున్నారు.

“ఆంటీ, ఎలా ఉన్నారండీ? లీడర్‌షిప్ ఇచ్చేశారేంటండీ?”

“ఇచ్చెయ్యలేదు బాబూ. ఇంచార్జి ఇచ్చాను.”

“ఆంటీ, ఈ ఆటలో ఇంచార్జి అన్నది లేదండీ. ఒకసారి ఇస్తే ఇచ్చేసినట్టే. వెనక్కి తీసుకునే బటనే లేదు. ఇప్పుడు మీరు మామూలు మెంబరు. సాయిచంద్ గారు అనుకుంటే మిమ్మల్ని బయటికి కూడా పంపొచ్చు. చెప్పకపోతే తప్పవుతుందని చెప్పానండీ.”

ఫోను పెట్టేశారు. శ్రీనివాసరావు గారే అన్నారు: “నేనే కదా నొక్కింది. చదివి నొక్కాల్సింది.”

“నొక్కమన్నది నేనండీ.”

“పోనీ ఆ అబ్బాయికి ఫోన్ చేసి ఓ మాట అడగనా?”

“వద్దు. నేను ఇంచార్జిగా ఉన్న రోజుల్లో ఆ ఆఫీసరు ఫోన్ చేసి కుర్చీ జాగ్రత్త అంటే నాకెలా ఉండేది? చార్జి ఇచ్చాక అడగకూడదు.”

అడగలేదు. కానీ ఏం జరుగుతోందో తెలుసుకోకుండా ఉండలేరు. వాసంతి ఇంటి నుంచే పని పెట్టుకుంది గానీ పక్క గదిలో తనకు ఎడతెగని మీటింగులు. అందుకని క్లాన్‌లో వాళ్లు రాసుకునే మాటలు చదివి వినిపించే పని శ్రీనివాసరావు గారి మీద పడింది. పాతికేళ్లు బస్సులు ప్రకటించిన గొంతు. ఆయనకు ఇంకోలా చదవడం రాదు.

“ప్రశాంతి గారు తెలియజేస్తున్నారు. నా కోట మీదికి ఎవడో వచ్చిండు. దయచేసి గమనించండి.”

“దయచేసి గమనించండి అని రాసిందా ఆ పిల్ల?”

“లేదు. నేను కలిపాను.”

“ఉన్నది చదవండి చాలు.”

మొదటి శనివారం పదిన్నరకు సాయిచంద్ హాజరు తీశాడు. ఆవిడ తీసినట్టే తీశాడు, ఇద్దరికి ఆలస్యం వేశాడు. యుద్ధం గెలిచారు. వరసగా పన్నెండోది. ఆవిడ దిండులోంచే నవ్వారట.

ఆదివారం పొద్దున అసలు సంగతి వచ్చింది. నగరంలో పెద్దపెద్ద ఆటగాళ్లున్న ఒక క్లాన్ ‘పదిన్నర’ గెలుపులు గమనించి ఆదర్శ్‌ను అడిగిందట, మీరంతా మాలో కలిసిపోండి అని. పదిన్నరను మూసేసి అందరూ అటు వెళ్లాలి. ఆదర్శ్ దాన్ని దాచకుండా అందరి ముందే రాశాడు. శ్రీనివాసరావు గారు చదివారు: “ఇప్పుడు లీడరు సాయిచంద్ గారే. ఆయన సరే అంటే బుధవారానికి అయిపోతుంది. మేడం వచ్చాక మేడంకి కూడా అక్కడ చోటు అడుగుతాను.”

“చోటు అడుగుతాడట” అన్నారు ఆవిడ. “మూసేస్తే మన పేరు ఉండదు కదండీ?”

“ఉండదనే రాశాడు.”

“సాయిచంద్ ఏమన్నాడు?”

“ఏమీ రాయలేదు.”

సోమవారం కూడా ఏమీ రాయలేదు. మంగళవారం కూడా. మిగతావాళ్లు మాత్రం గంటగంటకూ రాస్తున్నారు, పోదామని కొందరు, వద్దని కొందరు. ప్రశాంతి రాసింది: “సాయన్న, నోట్ల బెల్లం పెట్టుకున్నవా? ఏందో ఒకటి చెప్పు.” అయినా జవాబు లేదు. పూట పూటకూ ఆవిడ ఒకే ప్రశ్న, ఆయనది ఒకే జవాబు. మంగళవారం సాయంత్రం ఆవిడ అడగడం మానేశారు. అడగడం మానేసినందుకు తనకు భయం వేసిందని శ్రీనివాసరావు గారు నాతో విడిగా అన్నారు.

బుధవారం పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఆయన ఫోను తీశారు. ఈసారి గొంతు సవరించుకున్నారు.

“సాయిచంద్ గారు.”

“చదవండి” అన్నారు ఆవిడ.

“అందరికీ తెలియజేయునది ఏమనగా, మేడం సెలవుల ఉన్నరు. నేను ఇంచార్జిని. మేడం రాసిచ్చిన కాయితంల ఆరో పాయింటు ప్రకారం ఇంచార్జి పెద్ద నిర్ణయాలు తీసుకోవద్దు. క్లాన్ మూసుడు పెద్ద నిర్ణయం. కాబట్టి ఈ ఫైలు పెండింగు. పోయేటోళ్లను నేను ఆపను, ఎవరి ఇష్టం వాళ్లది. సోమవారం మేడం చార్జి తీసుకుంటరు. అప్పుడు అడుగుండ్రి. ఇట్లు, సాయిచంద్, ఇంచార్జి.”

చదివి ఆయన ఫోను దించారు. “ఇంకేమీ కలపలేదే. ఉన్నదే చదివాను.”

“ఇంకోసారి చదవండి” అన్నారు ఆవిడ.

ఆ మధ్యాహ్నం ఆదర్శ్, అతనితో పదకొండు మంది వెళ్లిపోయారు. వెళ్తూ మంచిగానే చెప్పి వెళ్లారు. అందులో ఏడుగురు తర్వాత మెల్లగా వెనక్కి వచ్చారు, అది వేరే కథ. మిగిలింది ముప్పై ఎనిమిది మంది, అందులో గట్టివాళ్లు తక్కువ. శనివారం యుద్ధంలో చిత్తుగా ఓడిపోయారు. హాజరు మాత్రం, సెలవులో ఉన్న ఆవిడ పోను, ముప్పై ఏడుకు ముప్పై ఏడు పడింది. ఆలస్యం ఒక్కటీ లేదు.

అయినా కిరీటం ఇంకా సాయిచంద్ పేరు పక్కనే ఉంది. సోమవారం వస్తేగాని ఏదీ తేలదు.

సోమవారానికి డాక్టరు చెప్పిన రెండు వారాలూ పూర్తయ్యాయి. ఆవిడ ఇక ఫోను కాసేపు చూడొచ్చు. కుడి కంట్లో గ్యాసు బుడగ ఇంకా అటూ ఇటూ ఊగుతోంది, ఎడమ కన్నే ఆధారం. పొద్దున తొమ్మిదింటి నుంచి ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎప్పుడు నొక్కుతాడో అని చూస్తున్నారు. పది దాటింది. ఏమీ రాలేదు. పదీ పదికి వీధి తలుపు గంట మోగింది.

శ్రీనివాసరావు గారు తలుపు తీస్తే సాయిచంద్. హెల్మెట్ చేతిలో ఉంది, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

“నమస్తే సార్. పదిన్నర కాలే కద? జేఎన్టీయూ కాడ మస్తు జాం ఉండె.”

“రండి రండి. మీరెందుకు శ్రమపడి? ఫోనులోనే నొక్కొచ్చు కదా.”

“నొక్కుడు ఫోన్ల అయితది సార్. సంతకం ఎట్ల అయితది? ఎనిమిదో పాయింటుల ఇద్దరి సంతకాలు అని రాసిన్రు.”

ఆ మాట ఆవిడ అలవాటుగా రాయించినదే. ప్రతి చార్జి నోటులోనూ ఉండే మాట. దాని కోసం ఒక మనిషి వారంలో ఉన్న ఒక్క సెలవు రోజున ఖాజాగూడ నుంచి కూకట్‌పల్లికి వస్తాడని ఆవిడ అనుకోలేదు.

శ్రీనివాసరావు గారు రెండు కాయితాల మీద ఒకటే మాట రాశారు: చార్జి అప్పగించడమైనది, చార్జి స్వీకరించడమైనది, పూర్వాహ్నం. ఆవిడ ఎడమ కంటితో వంగకుండా చూస్తూ సంతకం పెట్టారు. సాయిచంద్ పెట్టాడు. తన పేరు కింద ఇంచార్జి అని రాసి, దాన్ని అడ్డంగా కొట్టేశాడు. ఆ తర్వాత జేబులోంచి ఫోను తీసి, ఆవిడకు కనబడేలా బల్ల మీద పెట్టి నొక్కాడు. మళ్లీ ఇంగ్లీషులో పొడుగ్గా ఏదో అడిగింది. ఈసారి శ్రీనివాసరావు గారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. “ఈ మార్పును వెనక్కి తీసుకోవడం కుదరదు అంటోంది” అన్నారు.

“గదే కావాలె సార్” అని సాయిచంద్ సరే నొక్కాడు.

ఆవిడ ఒళ్లో ఫోను మోగింది. పేరు పక్కన కిరీటం వచ్చింది.

ముప్పై నాలుగేళ్లలో ఆవిడ మూడుసార్లు కుర్చీ ఇచ్చారు. ఎవరైనా తనకు తిరిగి ఇవ్వడం ఇదే మొదలు. ఇది ఆవిడ నాతో అన్నమాట. అప్పుడు ఒంటి కంటితో ఫోను చూస్తూ కూర్చున్నారట. ఏడిస్తే కంటికి మంచిది కాదని శ్రీనివాసరావు గారు గబగబా వంటింట్లోకి వెళ్లి పెసరట్టు పెనం పొయ్యి మీద పెట్టారు. ఆవిడను పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు. పదిహేను రోజులుగా ఆయనదే వంట.

అట్టు ముక్క తుంపుతూ సాయిచంద్ అన్నాడు: “మేడం, ఒక మాట చెప్త. చెప్పకుంటే నాకు తిన్నది అరగదు.”

“చెప్పు నాయనా.”

“మూడొద్దులు నేను మాట్లాడలే కద. పనిల ఉన్న అనుకున్నరు అందరు. పని గిని ఏం లేకుండె. ఆదర్శ్ అన్న చెప్పింది నాకు మంచిగనె అనిపిచ్చింది. గా పెద్ద క్లాన్లకు నేను లీడర్ లెక్కనే పోవచ్చు. పైకెల్లి ఆ కిరీటం. మస్తు సార్లు చూసుకున్న మేడం. మా లిఫ్టు శ్రీనుకు గూడ చూపెట్టిన. నా పేరు పక్కన ఎప్పుడన్న ఏదన్న ఉండెనా?”

ఆవిడ చట్నీ గిన్నె అతని వైపు జరిపారు.

“మంగళవారం మీ కాయితం మళ్ల తీసి చదివిన. ఆరో పాయింటు చూసి కోపమొచ్చింది. ఈమెకు నా మీద నమ్మకం లేకనే గిది రాసిందా అనుకున్న. మళ్ల అనుకున్న, నమ్మకం లేకుంటే అసలు కిరీటమే ఇయ్యకపోవు కద. అప్పుడు రాసిన. గంతే. నేనేం గొప్పోన్ని కాదు.”

వంటింటి గడపలో అట్లకాడ పట్టుకుని శ్రీనివాసరావు గారు నిలబడిపోయారు. ఆవిడ అన్నారు:

“ఆరోది నీ కోసం రాసింది కాదు నాయనా. నాకు మూడుసార్లూ అదే రాసిచ్చారు.”

“మరి మీరెట్ల ఇచ్చిన్రు మేడం? నెలలకు నెలలు కూసొని లేసుడంటే? మనసు గుంజలేదా?”

ఈ మాట ఆవిడను అంతవరకు ఎవరూ అడగలేదు. ఇంట్లో కూడా అడగలేదు.

“గుంజింది. మూడోసారి బాగా గుంజింది. కొత్తాయన కారు దిగడం కిటికీలోంచి కనబడుతుంది. మెట్లెక్కి వచ్చేదాకా కూర్చోవచ్చు. అయిదు నిమిషాలు ఉంది. ఆ అయిదు నిమిషాలూ కూర్చున్నాను. తలుపు తెరుచుకునే ముందు లేచాను. పాత బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాక ఎవరో మేడం అని పిలిస్తే ఆ గది వైపు రెండడుగులు వేసి ఆగాను. ఆ రోజు ఇంటికొచ్చి మీకేం చెప్పానండీ?”

“తలనొప్పి అన్నావు” అన్నారు శ్రీనివాసరావు గారు.

“అదీ సంగతి.”

సాయిచంద్ కంచం ముందుకు జరిపాడు. “నాకైతే తలనొప్పి లేదు మేడం” అన్నాడు. “పొద్దుగాల్నుంచి ఏం తినలే. ఆకలైతున్నది, గంతే.”

ఆవిడ పెద్దగా నవ్వారట. కన్ను అదురుతుందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వారట.

“అతనికి చాలా చెప్పాలనుకున్నానమ్మా” అన్నారు నాతో. “ఏ మాటా చాలేలా కనబడలేదు. ఈయన్ని ఇంకో అట్టు వెయ్యమన్నాను. ఈయన అట్లు నీకు తెలుసుగా, అంచులు మాడతాయి, నడుమ పచ్చిగా ఉంటుంది. నాలుగు తిన్నాడు. ఒక్కదానికీ వంక పెట్టలేదు.”